కొల్లేరు పక్షుల సంరక్షణ నిధులు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సులో నీటిపక్షుల రక్షణకు వెచ్చించే ప్రభుత్వ సొమ్ము. ఈ సరస్సుకు 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద చిత్తడినేల హోదాలు దక్కాయి. రామ్‌సర్ గుర్తింపుతో గౌరవం వచ్చింది గానీ ఏటా డబ్బు రాదు. నిధులకు ప్రధాన దారి కేంద్ర పథకాలే. సరస్సుల, చిత్తడినేలల పథకాలు రెండింటినీ కలిపి 2013లో జాతీయ జలావరణ పరిరక్షణ ప్రణాళికను తెచ్చారు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. వన్యప్రాణి ఆవాసాల అభివృద్ధి పథకం మరో దారి.

గూడబాతులకు ముఖ్య స్థావరం కైకలూరు దగ్గరి ఆటపాక. గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ నీటిలో ఇనుప స్టాండ్లు నిలిపింది. పక్షులు వాటిని స్వీకరించాయి. చిన్న ఖర్చుకు ఇంత ఫలితం అరుదు. అయితే పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గుర్తించిన పెద్ద గూడబాతుల స్థావరం తర్వాతి దశాబ్దాల్లో ఖాళీ అయిపోయింది. సరస్సును ఆక్రమించి వేసిన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టేసినా ఆక్రమణల బెడద తీరలేదు. పక్షులు నిలవాలంటే స్టాండ్లకే కాదు, సరస్సుకు చేరే నీటి శుభ్రతకూ నిధులు కేటాయించాలి.