పొడి రాత – నకలు యంత్రం కథ

గ్రంథంలోని ఒక పుట కావలసినప్పుడు దానిని చేతితో ఎత్తి రాసుకోవడం తప్ప గత్యంతరం లేని కాలం ఒకటి ఉండేది. తాటాకు మీద గంటంతో రాసే రోజులలో ఒక కావ్యానికి రెండవ ప్రతి కావలెనంటే లేఖకుని కూర్చుండబెట్టి రోజుల తరబడి రాయించవలసినదే. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో తన సొంత డబ్బుతో పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించినాడు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత వేలకొలది ప్రతులు తీయడం సులభమైనది. కాని అచ్చయిన పుస్తకంలోని ఒక్క పుటకు ఒక్క ప్రతి తీయడం మాత్రం సులభం కాలేదు. వెయ్యి ప్రతులు తేలిక, ఒక్క ప్రతి కష్టం! ఈ చిక్కును విడదీసిన యంత్రాన్నే మన ఊళ్ళలో ‘జిరాక్స్’ అంటున్నారు. దాని కథ చాలవరకు గ్రంథాలయానికి సంబంధించిన కథే.

పాత పద్ధతులు

ఈ యంత్రానికి ముందు నకళ్ళు తీసే పద్ధతులు లేకపోలేదు. కార్బను కాగితం ఉన్నది. కాని అది కొత్తగా రాసేదానికి, టైపు చేసేదానికి పనికివస్తుందే గాని ఇదివరకే అచ్చయిన పుటకు పనికిరాదు. సైక్లోస్టయిల్‌కు ముందుగా స్టెన్సిల్ కోయవలె. పటాలకు వాడే నీలి ప్రతులకు వెలుతురు చొరగల పలుచని కాగితం కావలె. ఫోటోస్టాట్ యంత్రం పుస్తకంలోని పుటను ఉన్నదున్నట్లు తీయగలిగేది. కాని అది ఒక పెద్ద కెమెరా. దానికి ప్రత్యేకమైన కాగితం, తడి రసాయనాలు, నేర్పరి అయిన పనివాడు, అన్నింటికీ మించి డబ్బు కావలె. అందువలన పెద్ద గ్రంథాలయాలలో తప్ప అది కనిపించేది కాదు.

పుస్తకాలు కొనలేని విద్యార్థి

చెస్టర్ కార్ల్‌సన్ 1906లో అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టినాడు. తండ్రి దీర్ఘరోగి కావడం వలన చిన్ననాటి నుంచే కూలిపనులు చేసి ఇల్లు గడపవలసి వచ్చినది. 1930లో భౌతికశాస్త్రంలో పట్టం పొందినాడు. అది ఆర్థికమాంద్యపు కాలం. 82 సంస్థలకు ఉద్యోగం కోసం ఉత్తరాలు రాస్తే రెండింటి నుంచి మాత్రమే జవాబు వచ్చినదట. ఉద్యోగం మాత్రం ఒక్కటీ రాలేదు. చివరకు న్యూయార్కులో ఒక విద్యుత్ పరికరాల సంస్థలో పేటెంటు విభాగంలో చేరినాడు. అక్కడ పేటెంటు పత్రాలకు, పటాలకు నకళ్ళు ఎప్పుడూ చాలేవి కావు.

రాత్రివేళ అతడు న్యాయశాస్త్రం చదివేవాడు. పాఠ్యగ్రంథాలు కొనే స్తోమత లేక న్యూయార్కు ప్రజా గ్రంథాలయంలో కూర్చుండి పుటలకు పుటలు చేతితో ఎత్తి రాసుకొనేవాడు. చూపు మందం, దానికి తోడు వెన్నెముకలో కీళ్ళనొప్పి. ఈ బాధ నుంచే, మీట నొక్కితే నకలు వచ్చే యంత్రం ఎందుకుండకూడదు అన్న ఆలోచన బలపడినది.

అదే గ్రంథాలయంలో అతడు శాస్త్రగ్రంథాలు తిరగవేసినాడు. ఛాయాచిత్ర రసాయనాల దారిలో పెద్ద సంస్థలు ఎన్నో పనిచేస్తున్నవి కనుక ఆ దారి విడిచిపెట్టినాడు. హంగరీ శాస్త్రజ్ఞుడు పాల్ సెలెన్యీ స్థిర విద్యుత్తుతో బొమ్మలు ఏర్పరచడాన్ని గురించి రాసిన వ్యాసం అతని కంటబడినది. కావలసిన ఆధారం దొరికినది. 1937లో మొదటి పేటెంటుకు దరఖాస్తు చేసినాడు.

మొదటి నకలు

1938 అక్టోబరు 22న న్యూయార్కులోని అస్టోరియా అనే పేటలో, ఒక అద్దె గదిలో, కార్ల్‌సన్, అతని సహాయకుడు ఓట్టో కోర్నై కలిసి ప్రయోగం చేసినారు. గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో గట్టిగా రుద్దినారు. గాజు పలక మీద సిరాతో ఆనాటి తేదీని, ‘అస్టోరియా’ అన్న మాటను రాసి, దానిని గంధకం మీద ఉంచి, కొన్ని క్షణాలు ప్రకాశవంతమైన దీపపు వెలుతురు చూపినారు. గాజు తీసివేసి, లైకోపోడియం మొక్క సిద్ధబీజాల పొడి చల్లి, మెల్లగా ఊదినారు. అక్షరాలున్న చోట పొడి నిలిచినది, తక్కినది ఎగిరిపోయినది. మైనపు కాగితం అద్ది, వేడి చేయగా అక్షరాలు కాగితం మీదికి వచ్చినవి.

ఇందులోని సూత్రం సులభమే. ప్లాస్టిక్ స్కేలును పొడిగుడ్డతో రుద్దితే అది చిన్న చిన్న కాగితపు ముక్కలను ఆకర్షిస్తుందని విద్యార్థులకు తెలుసు. అది స్థిర విద్యుత్తు. కొన్ని పదార్థాలకు మరొక గుణం ఉన్నది: చీకటిలో అవి విద్యుత్తును పోనీయవు, వెలుతురు పడినచోట పోనిస్తవి. అట్టి పదార్థపు పూత మీద విద్యుదావేశం నింపి, ఒక పుట ప్రతిబింబాన్ని దానిపై పడనిస్తే ఏమి జరుగుతుంది? పుటలోని తెల్లని భాగాల నుంచి వెలుతురు వచ్చి పడుతుంది కనుక అక్కడి ఆవేశం జారిపోతుంది. నల్లని అక్షరాలకు సరిపడిన చోట మాత్రం ఆవేశం నిలుస్తుంది. దానికి వ్యతిరేకమైన ఆవేశం గల నల్లని పొడిని చల్లితే అది ఆ అక్షరాల చోటనే అంటుకొంటుంది. తరువాత ఆ పొడిని కాగితం మీదికి లాగి, వేడితో కరిగించి, అతికిస్తారు. తడి ఎక్కడా లేదు.

ఇరవై తిరస్కారాలు

ఈ పలకను చూచి ఎవరూ ఉబ్బితబ్బిబ్బు కాలేదు. 1939 నుంచి 1944 వరకు ఇరవైకి పైగా సంస్థలు కార్ల్‌సన్‌ను తిప్పి పంపినవి. 1944లో ఒహాయో రాష్ట్రంలోని బాటెల్ పరిశోధన సంస్థ దీనిని చేపట్టినది. అక్కడ గంధకానికి బదులు వెలుతురుకు ఎక్కువగా స్పందించే సెలీనియం వాడినారు. పొడిని కూడ మెరుగుపరచినారు. రాచెస్టర్ నగరంలో ఫోటో కాగితం తయారుచేసే హాలాయిడ్ అనే చిన్న సంస్థ దీనిమీద హక్కులు తీసుకొన్నది. గ్రీకు భాషలో ‘పొడి’, ‘రాత’ అన్న అర్థాలు గల రెండు మాటలు కలిపి ‘జిరోగ్రఫీ’ అని పేరు పెట్టినారు. ఆ పేరు నుంచే ‘జిరాక్స్’ వచ్చినది.

1959 సెప్టెంబరు 16న ‘914’ అనే యంత్రాన్ని న్యూయార్కులో ప్రదర్శించినారు. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు గల కాగితం వరకు నకలు తీయగలదు కనుక ఆ పేరు. బరువు ఇంచుమించు 300 కిలోలు. నిమిషానికి ఏడు ప్రతులు, మామూలు కాగితం మీద! అప్పుడప్పుడు లోపల కాగితం చిక్కుకొని అంటుకొనేది కనుక మంటలార్పే చిన్న పరికరాన్ని కూడ జతచేసి పంపేవారు. అయినా కార్యాలయాలు దానికోసం ఎగబడినవి. కార్ల్‌సన్ కోటీశ్వరుడై, సంపాదనలో అధికభాగం దానధర్మాలకు వెచ్చించి, 1968లో మరణించినాడు.

గ్రంథాలయాలలో కలిగిన మార్పు

1960 తరువాత నాణెం వేస్తే నకలు ఇచ్చే యంత్రాలు అమెరికా గ్రంథాలయాలలో వెలసినవి. దూరపు పరిశోధకునికి పత్రిక సంపుటం మొత్తం పంపే బదులు, కావలసిన వ్యాసానికి నకలు తీసి పంపడం వాడుక అయినది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల గ్రంథాలయం ఒక్కటే 1970లో 85,744 వ్యాసాలకు, అనగా సుమారు 9,30,000 పుటలకు, నకళ్ళు తీసి ఇచ్చినది.

ఇక్కడే అసలు చిక్కు ఎదురైనది. నకలు దొరుకుతున్నప్పుడు పత్రికకు చందా ఎవరు కడతారు? చందాలు లేకపోతే పత్రిక ఎట్లు నడుస్తుంది? వైద్యపత్రికలు ప్రచురించే విలియమ్స్ అండ్ విల్కిన్స్ సంస్థ 1968లో అమెరికా ప్రభుత్వం మీద దావా వేసినది. 1973లో న్యాయస్థానం నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా గ్రంథాలయం పక్షాన తీర్పు చెప్పినది. 1975లో సుప్రీంకోర్టులో నలుగురు ఇటు, నలుగురు అటు చీలినందున పాత తీర్పే నిలిచినది. 1976లో చేసిన చట్టంలో గ్రంథాలయాలు ఏయే షరతులకు లోబడి నకళ్ళు తీయవచ్చునో రాసిపెట్టినారు.

ప్రభుత్వాలకు కూడ ఈ యంత్రం శక్తి తెలిసివచ్చినది. 1969లో డేనియల్ ఎల్స్‌బర్గ్ వియత్నాం యుద్ధాన్ని గురించిన ఏడువేల పుటల రహస్య నివేదికకు రాత్రిళ్ళు నకళ్ళు తీసినాడు. 1971లో అవి పత్రికలలో వెలువడి దేశాన్ని కుదిపివేసినవి.

మన దేశంలో

మన దేశంలో ఒకప్పుడు మార్కుల పట్టికకు నకలు కావలెనంటే టైపు చేయించి, మూలంతో సరిచూపించి, గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించవలసి ఉండేది. 1983లో మోదీ జిరాక్స్ సంస్థ ఏర్పడినది. క్రమంగా కళాశాలల ముందు, కచేరీల ముందు జిరాక్స్ దుకాణాలు వెలసి, ఆ సంస్థ పేరు తెలుగులో మామూలు మాటగా స్థిరపడినది.

అమెరికాలో వచ్చిన వివాదమే ఇక్కడకూ వచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు సూచించిన వివిధ గ్రంథాల భాగాలను నకలు తీసి, కుట్టి, ఒక దుకాణం విద్యార్థులకు అమ్మేది. 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు దావా వేసినవి. 1957 నాటి మన కాపీరైటు చట్టం బోధన నిమిత్తం నకలు తీయడానికి మినహాయింపు ఇచ్చినది. దాని ఆధారంగా 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్వవిద్యాలయం పక్షాన తీర్పు చెప్పినది. అప్పీలు విన్న ధర్మాసనం కూడ, బోధనకు అవసరమైన మేరకు నకలు తీయవచ్చునన్నది. తీసిన భాగాలు నిజంగా బోధనకు అవసరమా అన్న అంశాన్ని మాత్రం తిరిగి విచారించవలెనన్నది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకొన్నారు.

నేడు చేతిలోని ఫోనే నకలు యంత్రమైనది. గ్రంథాలయాలు కూడ ఎన్నో పత్రికలను కాగితంపై కొనక, కంప్యూటరులో చదువుకొనే అనుమతికి డబ్బు కడుతున్నవి. ఎన్ని పుటలు తీసుకోవచ్చునో ఆ ఒప్పందమే నిర్ణయిస్తుంది. యంత్రం మారినా ప్రశ్న మారలేదు. రాసినవానికి, అచ్చు వేసినవానికి ప్రతిఫలం దక్కవలె. కొనలేని విద్యార్థికి చదువు దక్కవలె. ఒకదానికోసం రెండవదాన్ని బలిచేస్తే, పుస్తకాలు పుట్టవు, లేక పుట్టినా చేరవలసినవారికి చేరవు. ఈ రెండింటినీ తూచే పని యంత్రం చేయలేదు. అది సమాజం చేసుకోవలసిన పని. జిరాక్స్ దుకాణానికి పుస్తకం తీసుకొని పోయే విద్యార్థి, పుస్తకం మొత్తానికీ నకలు కావలెనా, పాఠానికి కావలసిన పుటలు చాలునా అని ఆలోచించినప్పుడు, ఆ తూకంలో తానూ ఒక భాగస్వామి అవుతున్నాడు.