హోట్గి రోడ్ నేత కుటుంబాలలో ‘బారావీ’ సంవత్సరం

షోలాపూర్ నుంచి విమానాశ్రయం పక్కగా హోట్గి రైల్వే జంక్షన్ వైపు సాగే దారికి హోట్గి రోడ్ అని పేరు. ఈ దారి పరిసరాలలోని నేత కుటుంబాలలో ఇంటి మాట తెలుగు, బడి మాట మరాఠీ, బజారు మాట కొంత కన్నడం, కొంత హిందీ. 11వ తరగతి సైన్సులో చేరిన పిల్లవాడికి వీటన్నిటిపైన ఇంగ్లీషు వచ్చి పడుతుంది. 10వ తరగతిని ‘దహావీ’ అనీ, 12వ తరగతిని ‘బారావీ’ అనీ ఇక్కడి తెలుగువారు మరాఠీ పేర్లతోనే పిలుచుకుంటారు. ఇంట్లో బారావీ పిల్లలున్నారంటే ఆ ఏడు పెళ్ళిళ్ళు, ఊరి ప్రయాణాలు కూడా ఫిబ్రవరి దాటేదాకా వాయిదా పడుతుంటాయి.

ఇంత శ్రద్ధ ఉన్నప్పటికీ, “మాకేం తెలుసు, చదువు సంగతి సార్లే చూసుకుంటారు” అనే మాట తల్లిదండ్రుల నోట తరచుగా వినబడుతుంది. పాఠాల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. మరమగ్గం మీద రోజంతా నిలబడే తండ్రి, బీడీలు చుట్టే తల్లి భౌతికశాస్త్రం చెప్పలేరు. అయితే 12వ తరగతి తరువాత సీటు చేజారడానికి కారణం ప్రతిసారీ మార్కులే కాదు. దహావీ కాగానే పిల్లవాణ్ణి ఏ రాష్ట్రంలో చేర్పించారు, తాత కాలం నాటి కాగితం ఇంట్లో ఉందా లేదా అన్న రెండు విషయాలు కూడా సీటును నిర్ణయిస్తాయి. ఈ రెండూ పూర్తిగా పెద్దల చేతిలో ఉన్న పనులు.

నేపథ్యం

షోలాపూర్‌లో మొదటి పెద్ద నూలు మిల్లు అయిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1877లో ఆరంభమైంది. ఆ మిల్లుల పని కోసమూ, చేతిమగ్గాల పని కోసమూ నాటి నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. పాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాక పని మరమగ్గాల షెడ్లకు చేరింది. షోలాపురి చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు లభించినా, ఆ గుర్తింపు వల్ల మగ్గం కూలి పెరిగిందని చెప్పేవారు అరుదు. పిల్లలను మగ్గం నుంచి బయటపడవేయాలన్న పట్టుదల వెనుక ఈ అనుభవమే ఉంది.

చదువుకు నగరంలో కొరత లేదు. పద్మశాలి శిక్షణ సంస్థ నడిపే కుచన్ ప్రశాల, బుర్లా మహిళా కళాశాల తెలుగువారికి చిరపరిచితాలు. దయానంద్ కళాశాల 1940 నుంచి, సంగమేశ్వర్ కళాశాల 1953 నుంచి ఉన్నాయి. వాల్‌చంద్ ఇంజనీరింగు కళాశాల 1983లో ప్రారంభమైంది. డాక్టర్ వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల నగరంలోనే ఉంది. 2004లో షోలాపూర్ జిల్లాకే ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం ఏర్పడగా, 2019లో దానికి పుణ్యశ్లోక్ అహల్యాదేవి హోళ్కర్ పేరు పెట్టారు.

దహావీ తరువాత ఎక్కడ చేర్పించాలి?

షోలాపూర్ నుంచి ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ చేరే 65వ నంబరు జాతీయ రహదారి ఈ కుటుంబాలకు పుట్టింటి దారి వంటిది. బంధువులు దారి పొడవునా ఉంటారు. దహావీలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాణ్ణి “హైదరాబాద్‌లో హాస్టల్లో వేస్తే డాక్టరో ఇంజనీరో అవుతాడు” అని సలహా ఇచ్చేవారూ ఆ బంధువులలోనే ఉంటారు. సరిహద్దు గ్రామాల నుంచి పిల్లలను షోలాపూర్‌లోని మేనమామ ఇంట ఉంచి చదివించడమూ ఉన్నదే. ఈ రాకపోకలు సహజమే గాని, సీట్ల నిబంధనలు బంధుత్వాన్ని చూడవు.

వైద్య విద్యనే తీసుకుందాం. మహారాష్ట్ర ప్రభుత్వ కోటాలో ఎం.బి.బి.ఎస్. సీటు కోరే విద్యార్థి 10వ తరగతి, 12వ తరగతి రెండూ మహారాష్ట్రలోని విద్యాసంస్థల నుంచే ఉత్తీర్ణుడై, రాష్ట్ర నివాస ధ్రువపత్రం కూడా కలిగి ఉండాలి. కేంద్రోద్యోగుల పిల్లల వంటి కొద్దిమందికి మాత్రమే మినహాయింపులున్నాయి. తెలంగాణలో స్థానిక అభ్యర్థిగా లెక్కలోకి రావాలంటే అర్హత పరీక్షతో ముగిసేటట్లుగా వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. 2024లో వైద్య ప్రవేశాలకు ఈ నిబంధనను కఠినతరం చేయగా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అంటే హోట్గి రోడ్‌లో దహావీ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్ళు ఇంటర్మీడియట్ పూర్తి చేసిన విద్యార్థి మహారాష్ట్ర కోటాకు చెల్లడు, తెలంగాణలో స్థానికుడూ కాడు. అతనికి అఖిల భారత కోటా, యాజమాన్య సీట్లు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు మిగులుతాయి. అఖిల భారత కోటాలో పోటీ ఎక్కువ, తక్కిన రెండింటిలో ఫీజు నేత కుటుంబానికి అందేది కాదు.

ఇంజనీరింగులో మహారాష్ట్ర కొంత వెసులుబాటు ఇస్తుంది. తల్లి లేక తండ్రి మహారాష్ట్ర నివాసి అయితే, 12వ తరగతి బయట చదివినా దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో మాత్రం కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులకే. 2025లో సవరించిన నిబంధనల ప్రకారం మిగిలిన 15 శాతం సీట్లకు, తల్లిదండ్రులలో ఒకరు మొత్తం పదేళ్ళు తెలంగాణలో నివసించి ఉంటే బయట చదివిన పిల్లలూ పోటీపడవచ్చు. జహీరాబాద్ వైపు గ్రామాల నుంచి పిల్లలను షోలాపూర్ పంపే కుటుంబాలు ఈ వ్యత్యాసాన్ని 11వ తరగతిలో చేర్చకముందే గుర్తుంచుకోవలసి ఉంటుంది.

2025-26 విద్యా సంవత్సరం నుంచి మహారాష్ట్ర అంతటా 11వ తరగతి ప్రవేశాలు ఒకే ఆన్‌లైన్ విధానంలోకి వచ్చాయి. కళాశాలల వరుసక్రమాన్ని ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడికి వదిలేసే అలవాటు ఈ విధానంలో నష్టం తెస్తుంది. ఇచ్చిన మొదటి ఐచ్ఛికమే దక్కితే అక్కడే చేరాలి, లేకుంటే తదుపరి సాధారణ విడతలకు దూరం కావలసి ఉంటుంది. పిల్లవాడు నిజంగా వెళ్ళగలిగిన కళాశాలనే మొదట రాయాలి.

1967 అక్టోబరు 13

మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన వర్గం, అనగా ఎస్.బి.సి. జాబితాలో ఉన్నారు. ఈ వర్గానికి 2 శాతం రిజర్వేషను ఉంది. తెలంగాణలో అదే కులం బి.సి.-బి. ఒక రాష్ట్రపు ధ్రువపత్రం మరో రాష్ట్రంలో చెల్లదు. ఆంధ్రప్రదేశ్ నుంచి బాల్యంలోనే బొంబాయి చేరిన ఒక విద్యార్థి వైద్య సీటు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే, సొంత రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగ హోదా వలసతో వెంట రాదని తీర్పు చెప్పింది. వెనుకబడిన వర్గాల ధ్రువపత్రాలకూ ఇదే పద్ధతి అమలులో ఉంది.

మహారాష్ట్రలో ఎస్.బి.సి., ఓ.బి.సి. ధ్రువపత్రం పొందడానికి కుటుంబం 1967 అక్టోబరు 13 నాటికే ఈ రాష్ట్రంలో నివసిస్తూ ఉన్నట్లు ఆధారం చూపాలి. మిల్లుల కాలంలో వచ్చినవారు ఈ గడువు లోపలే ఉన్నారు. చిక్కు ఆధారం దగ్గర వస్తుంది. తాత బడికి వెళ్ళి ఉంటే ఆ బడి రిజిస్టరు నకలు, ఇక్కడివారు ‘దాఖలా’ అనే పాఠశాల విడుదల పత్రం, అన్నిటికన్నా బలమైన ఆధారం. తాత బడి ముఖం చూడకపోతే ఆయన అన్నదమ్ములదో, ముత్తాత సంతానంలో మరెవరిదో దాఖలా వెదకి, వంశావళితో బంధుత్వం నిరూపించాలి. జనన మరణ నమోదులు, పాత ఇంటి పత్రాలు కూడా ఉపకరిస్తాయి. ఒక తరంలో పద్మశాలి అని, మరో తరంలో సాళి అని రాసి ఉన్నా, ఇంటిపేరు మరాఠీలో రెండు రకాలుగా పడినా ప్రశ్నలు తప్పవు. 1967 తరువాత వచ్చిన కుటుంబాలకు ఈ రిజర్వేషను వర్తించదు. ఈ సంగతి బారావీ ఫలితాలు వచ్చాక తెలిసే కన్నా ముందే తెలియడం మేలు.

కుల ధ్రువపత్రం ఒక్కటే చాలదు. వృత్తి విద్యా కోర్సులో రిజర్వేషను సీటుకు జిల్లా కుల ధ్రువపత్ర పరిశీలన సమితి ఇచ్చే ‘వ్యాలిడిటీ’ కూడా కావాలి. దీనికి సైన్సు విద్యార్థి 11వ తరగతిలో ఉండగానే కళాశాల ద్వారా దరఖాస్తు చేయవచ్చు. తండ్రికో, తండ్రి తోడబుట్టినవారికో వ్యాలిడిటీ ఉంటే పని సులువవుతుంది. ఇంట్లో మొదటిసారి అడిగేవారికి నెలల తరబడి పట్టవచ్చు. సమర్పణ గడువును ప్రభుత్వం కొన్ని సంవత్సరాలలో పొడిగించింది గాని, దానిని నమ్ముకుని కూర్చోవడం జూదమే. దీనితోపాటు నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. దాని ఆదాయ పరిమితి 8 లక్షలు. గడువు మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, ప్రవేశాల నాటికి చెల్లుబాటులో ఉందో లేదో తేదీ చూసుకోవాలి.

దాఖలాలో మరొక గడి మాతృభాష. తెలుగువారి పిల్లలకు అక్కడ మరాఠీ అని నమోదై ఉంటే, తెలుగు భాషా అల్పసంఖ్యాక సంస్థలలోని సీట్లను కోరేటప్పుడు చిక్కు వస్తుంది. పిల్లవాడు బడిలో ఉండగా సరిచేయించడం తేలిక. దాఖలా చేతికి వచ్చాక దిద్దించడం ఒక యజ్ఞం.

పరీక్షలు, భాష

షోలాపూర్ జిల్లా పుణె విభాగపు బోర్డు పరిధిలోనిది. రాత పరీక్షలు ఫిబ్రవరిలో మొదలై మార్చిలో ముగుస్తాయి, ప్రయోగ పరీక్షలు అంతకుముందే జరుగుతాయి. ఉత్తీర్ణతకు 35 మార్కులు. ఇంజనీరింగు, ఫార్మసీలకు ఎం.హెచ్.టి. సి.ఇ.టి. రాయాలి. ఇందులో 11వ తరగతి పాఠ్యాంశాలకు సుమారు 20 శాతం, 12వ తరగతికి 80 శాతం ప్రాధాన్యం ఉంటుంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు. రాష్ట్రంలో ఇంజనీరింగుకు బారావీ మార్కులు అర్హతకే పనికివస్తాయి: సాధారణ వర్గానికి సంబంధిత విషయాలలో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం. అందుచేత బోర్డులో 90 శాతం వచ్చినా సి.ఇ.టి. సరిగా రాయనివారికి కోరిన సీటు రాదు.

నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుందని విని సంతోషించేవారున్నారు. అయితే తెలుగు పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలలోనే ఇస్తారు. షోలాపూర్‌లో రాసేవారు ఇంగ్లీషు, మరాఠీ వంటి భాషలలో ఒకటి ఎంచుకోవాలి. సి.ఇ.టి.లో గణితం ఇంగ్లీషులోనే ఉంటుంది. మరాఠీ మాధ్యమంలో దహావీ పూర్తిచేసిన పిల్లవాడు 11వ తరగతి మొదటి ఆరు నెలలు తడబడడం తెలివి తక్కువై కాదు, మాట మారినందువల్ల. ఆ ఆరు నెలల్లోనే చాలామంది తండ్రులు “వీడికి సైన్సు రాదు” అని తేల్చేస్తారు. అది తొందరపాటు.

ఇల్లు, మగ్గం, ఫీజు

ఇంటికి ఆనుకుని మగ్గాలున్న చోట చదువు చప్పుడులోనే సాగాలి. పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడు పిల్లలను పెద్దగా బాధించదు. పని వేళ మాత్రం బాధిస్తుంది. కండెలు చుట్టమనో, తువ్వాళ్ళు మడతపెట్టమనో గంటకొకసారి లేపడం కన్నా, రోజుకు ఒక నిర్ణీత గంట పని అప్పగించి మిగిలిన వేళ ముట్టకుండా వదలడం మేలు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ అవసరం. బీడీ ఆకు కత్తిరించడం, వంట, తమ్ముళ్ళ సంరక్షణ వారి మీదనే పడతాయి. కుంభారి వద్ద బీడీ కార్మికులకు 2006లో పదివేల ఇళ్ళు, 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో పదిహేనువేల ఇళ్ళు అందాయి. సొంత ఇల్లు దొరికినా, అక్కడి పిల్లలకు నగరంలోని కళాశాలకు బస్సు ప్రయాణం దినచర్య అయింది. ఆ సమయాన్నీ లెక్కవేసుకోవాలి.

“ఆడపిల్లకు అంత ఫీజు ఎందుకు?” అనే ప్రశ్నకు 2024 జూలై ప్రభుత్వ ఉత్తర్వు తరువాత బలం తగ్గింది. ఆదాయం 8 లక్షలకు మించని ఓ.బి.సి., ఎస్.ఇ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. కుటుంబాల ఆడపిల్లలకు వృత్తి విద్యా కోర్సులలో ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా మాఫీ. ఎస్.బి.సి. విద్యార్థులకు బాలురకూ బాలికలకూ పూర్తి ఫీజు సహాయం వేరుగా ఉంది. సాధారణ వర్గంవారికి రాజర్షి శాహూ మహారాజ్ పథకం కింద సగం ఫీజు వస్తుంది. ఇవన్నీ కేంద్రీకృత ప్రవేశ విధానంలో వచ్చిన సీట్లకే వర్తిస్తాయి. యాజమాన్య కోటాలో డబ్బు కట్టి చేరితే ఈ మాఫీ ఉండదు. దరఖాస్తు మహా డి.బి.టి. వెబ్‌సైటులో, ఆధార్‌తో జతచేసిన బ్యాంకు ఖాతాతో చేయాలి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఉంటుంది. తల్లి బీడీ కార్మిక గుర్తింపు కార్డు దానికి ఆధారం. ఆ కార్డు పోగొట్టుకున్న ఇళ్ళు వెంటనే నకలుకు అడగాలి.

డాక్టరు, ఇంజనీరు తప్ప మరో దారి లేదన్న భావన ఈ పేటలలో బలంగా ఉంది. మగ్గం తెలిసిన పిల్లలకు వస్త్ర సాంకేతిక విద్య ఒక మార్గం. ఇచల్‌కరంజిలోని డి.కె.టి.ఇ. సంస్థలో జవుళి ఇంజనీరింగు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ మూడేళ్ళ డిప్లొమా నడుపుతోంది. హైదరాబాద్‌లో అటువంటి సంస్థ 2024లో ఆరంభమై కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పొందింది. “మళ్ళీ మగ్గమేనా?” అని తండ్రులు ముఖం చిట్లించడం సహజం. అయితే మగ్గం మీద కూలి చేయడం వేరు, డిజైనింగు, రంగుల అద్దకం, నాణ్యత పరీక్షల విభాగంలో ఉద్యోగం చేయడం వేరు.

ఫలితాల రోజు

2025లో ఫలితాలు మే 5న వచ్చాయి. 2024లో మే 21న. ఒకటి రెండు విషయాలు తప్పినవారికి జూన్, జూలైలలో పురవణి పరీక్ష ఉంటుంది. జవాబుపత్రం నకలు తీసుకుని పునఃపరిశీలన కోరే వీలుంది గాని, దానికి గడువు కొద్ది రోజులే. తప్పిన పిల్లవాణ్ణి మర్నాడే షెడ్డుకు తీసుకుపోయి మగ్గం దగ్గర నిలబెట్టే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. పురవణి పరీక్షకు ఫారం నింపవలసిన రోజులూ అవే కావడంతో, ఆ గడువు ఎవరూ గమనించకుండానే దాటిపోతుంది. కళాశాల కార్యాలయం నోటీసు బోర్డు మీద ఆ తేదీ ఉంటుంది. ఫలితాలు వచ్చిన వారంలోపు ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి.