ఒకే పేరు, రెండు వేర్లు: చైనా మూలికా వైద్యంలో మూత్రపిండ వ్యాధి చరిత్ర

చైనా మూలికలు మూత్రపిండ వ్యాధికి ఉపకరిస్తాయా అన్న ప్రశ్న పైకి కేవలం వైద్యశాస్త్ర సంబంధమైనదిగా కనిపిస్తుంది. కాని దానిలో సగభాగం పదాల చరిత్ర. ఏ అవయవాన్ని ఏ పేరుతో పిలిచారు, ఏ వేరును ఏ పేరుతో అమ్మారు అన్న విషయాలు తేలకుండా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పబూనడం వల్ల జరిగిన అనర్థం స్వల్పమైనది కాదు.

హాన్ రాజవంశ కాలంలో రూపుదిద్దుకున్న ‘హువాంగ్ డీ నెయ్ జింగ్’ గ్రంథంలో ‘షెన్’ అనే మాట ఉంది. ఆధునిక అనువాదాలన్నీ దీనిని మూత్రపిండంగానే చెబుతాయి. ఆ గ్రంథం ప్రకారం షెన్ శరీరంలోని నీటిని శాసిస్తుంది. అంతవరకు పోలిక సరిపోతుంది. అయితే అదే షెన్ జీవసారాన్ని నిల్వ చేస్తుంది, ఎముకలను, తలవెంట్రుకలను పోషిస్తుంది, చెవికి వినికిడినిస్తుంది, సంతానశక్తికి మూలమవుతుంది. కనుక ‘షెన్ బలహీనత’ అని చైనా వైద్యుడు నిర్ణయించిన రోగికి మూత్రపిండ వ్యాధి ఉండవలసిన అవసరమే లేదు. ఇటువంటి వైరుధ్యం మన సంప్రదాయంలోనూ ఉన్నది. చరకసంహిత వృక్కాలను మేదోవహ స్రోతస్సులకు మూలంగా పేర్కొన్నది. మూత్రవహ స్రోతస్సులకు మూలాలుగా చెప్పినది వస్తిని, వంక్షణాలను. పేరు ఒకటైనంత మాత్రాన భావన ఒకటి కాదనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

క్రీ.శ. 200 ప్రాంతానికి చెందిన జాంగ్ జోంగ్‌జింగ్ రచనగా ప్రసిద్ధమైన ‘జిన్ గుయ్ యావో లుయె’లో ఎనిమిది ద్రవ్యాలతో కూడిన ‘షెన్ చీ’ గుళిక కనిపిస్తుంది. సోంగ్ యుగపు శిశువైద్యుడు చియాన్ యీ దీనినుండి ఉష్ణగుణం గల రెండు ద్రవ్యాలను తొలగించి ఆరు ద్రవ్యాల గుళికను కల్పించాడు. నేటికీ చైనాలో అత్యధిక ప్రచారం గల ‘షెన్’ ఔషధం అదే. చియాన్ యీ దానిని ఉద్దేశించినది మాడు మూసుకోని పసిబిడ్డల కోసం. మూత్రపిండ ఔషధంగా ఇప్పుడు అమ్ముడవుతున్న ఆ గుళిక పుట్టుక ఎముకల ఎదుగుదలకు సంబంధించినదన్నమాట.

కాబట్టి ప్రాచీన చైనా వైద్యంలో నేటి మూత్రపిండ వ్యాధికి సమీపమైన ప్రకరణం కోసం ‘షెన్’ అధ్యాయాలను కాక, ఒంటికి నీరు పట్టడాన్ని వర్ణించిన ‘షుయ్ జోంగ్’ అధ్యాయాలను చూడాలి. ఏడవ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ నీరు పట్టిన రోగికి ఉప్పు నిషేధించాడు. ఈ పథ్యాన్ని నేటి వైద్యమూ సమర్థిస్తుంది. నీరు పట్టడం, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం, మూత్రపిండాల వికారం అనే మూడింటినీ ఒకే వ్యాధిగా కలిపి చూపడానికి 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ రచన వెలువడేవరకు ఆగవలసివచ్చింది.

నీరు తీయడానికి జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన కషాయాలలో ‘ఫాంగ్ జీ హువాంగ్ చీ తాంగ్’ ఒకటి. పేరులోని రెండు మూలికల భవిష్యత్తు రెండు విరుద్ధ దిశలలో సాగింది. హువాంగ్ చీ అంటే ఆస్ట్రగాలస్ వేరు. నేటి పరిశోధకులు మూత్రంలో మాంసకృత్తుల నష్టాన్ని తగ్గించే అవకాశం కోసం అధికంగా పరీక్షించిన మూలిక ఇదే. ఫాంగ్ జీ కథ వేరు. చైనా మూలికల అంగడిలో ఆ పేరుతో కనీసం రెండు భిన్న కుటుంబాల మొక్కల వేర్లు చెలామణి అయ్యాయి. ‘హాన్ ఫాంగ్ జీ’ స్టెఫానియా టెట్రాండ్రా అనే తీగ వేరు. ‘గువాంగ్ ఫాంగ్ జీ’ అరిస్టోలోకియా ఫాంగ్‌చీ వేరు. మొదటిదానిలో టెట్రాండ్రిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది, రెండవదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఎండబెట్టి పొడిచేసిన తర్వాత కంటితో వీటిని వేరుచేయడం దాదాపు అసాధ్యం.

1990లో బ్రస్సెల్స్‌లోని ఒక చికిత్సాలయం బరువు తగ్గించే మందులలో స్టెఫానియా పేరిట ఒక పొడిని చేర్చింది. 1992 నాటికి మూత్రపిండాలు వేగంగా చెడిపోయిన యువతులు ఆసుపత్రులకు రావడం మొదలైంది. వాన్‌హెర్వెఘెమ్ బృందం 1993లో లాన్సెట్ పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించింది. మరుసటి సంవత్సరం ఆ పొడుల నమూనాలలో అరిస్టోలోకిక్ ఆమ్లం బయటపడింది. చివరికి బాధితుల సంఖ్య నూరు దాటింది. అనేకులకు డయాలసిస్, అవయవ మార్పిడి తప్పలేదు. 2000లో వెలువడిన మరొక అధ్యయనం మరింత కలవరపరిచింది: ముందుజాగ్రత్తగా పాత మూత్రపిండాలను, మూత్రనాళాలను తొలగింపజేసుకున్న 39 మందిలో 18 మందికి మూత్రమార్గపు క్యాన్సర్ కనిపించింది. ఈ ఆమ్లం నుండి ఏర్పడే పదార్థాలు కణాల డీఎన్ఏకు అతుక్కొని సంవత్సరాల తరబడి నిలిచి ఉంటాయి. మందు మానినా ముప్పు తొలగదు.

వ్యాధికి మొదట ‘చైనా మూలికల మూత్రపిండ వ్యాధి’ అని పేరు పెట్టారు. చైనా పండితులు దీనిని ఆక్షేపించారు. వారి ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. సన్నబడడానికి నెలల తరబడి, ఆకలిని అణచే పాశ్చాత్య మందులతో కలిపి ఆ పొడి మింగడం చైనా శాస్త్రం చెప్పిన పద్ధతి కాదు. ఒక దేశపు వైద్యసంప్రదాయం మొత్తానికి ఒక విషపదార్థపు నింద మోపడం తగదు గనుక ‘అరిస్టోలోకిక్ ఆమ్ల మూత్రపిండ వ్యాధి’ అన్న పేరు స్థిరపడడం సమంజసమే. అయితే విదేశీయుల దుర్వినియోగమే మొత్తం కారణమన్న వాదన నిలవదు. ఎందుకంటే తొలి హెచ్చరిక వచ్చినది చైనాలోనే. అధిక మోతాదులో ‘ము థోంగ్’ వాడిన ఇద్దరి మూత్రపిండాలు హఠాత్తుగా విఫలమైన ఉదంతాన్ని 1964లోనే జియాంగ్సు ప్రాంతపు వైద్యపత్రిక ప్రచురించింది. దానిని పట్టించుకున్నవారు అరుదు.

ము థోంగ్ చరిత్ర కూడా ఒక పేరు చేతులు మారిన చరిత్రే. ప్రాచీన గ్రంథాలలోని ము థోంగ్ అకేబియా అనే నిరపాయకరమైన తీగ. ఇరవయ్యవ శతాబ్దంలో ఈశాన్య ప్రాంతపు అరిస్టోలోకియా మంచూరియెన్సిస్ ‘గువాన్ ము థోంగ్’గా దాని స్థానాన్ని ఆక్రమించింది. చైనా ప్రభుత్వం 2003లో దీనిని, 2004లో గువాంగ్ ఫాంగ్ జీని నిషేధించింది. తైవాన్‌లో 1997–2003 మధ్య జనాభాలో దాదాపు మూడింట ఒకవంతు మందికి ఈ ఆమ్లం గల మందులు రాయబడ్డాయని అక్కడి ఆరోగ్యబీమా పత్రాలు తెలుపుతున్నాయి. వీరు సన్నబడాలనుకున్న విదేశీయులు కారు. శాస్త్రం చదివిన వైద్యులే రాసిచ్చిన మందులవి.

ఇంత జరిగినా ఉపకారపు పక్షాన్ని కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. 1970ల చివర నాన్‌జింగ్‌లో లీ లెయ్‌షీ, గ్లోమెరులోనెఫ్రైటిస్ రోగులకు ‘లెయ్ గోంగ్ తెంగ్’ అనే తీగ సారాన్ని ఇవ్వడం ఆరంభించాడు. దక్షిణ చైనా రైతులు పురుగులమందుగా వాడిన మొక్క అది. రోగనిరోధక చర్యను అణచే దాని శక్తి వాస్తవం. కాలేయానికి, తెల్ల రక్తకణాలకు, సంతానశక్తికి అది చేసే హాని కూడా అంతే వాస్తవం. ఇక్కడ గమనించదగినది పద్ధతి. లీ లెయ్‌షీ ‘షెన్’ను బలపరచాలని బయలుదేరలేదు. మూత్రంలో మాంసకృత్తులను కొలిచి, మోతాదును సరిచూసి, ఒక విషపు మొక్కను మందుగా మలచాడు. హువాంగ్ చీ విషయంలో 2014 నాటి కాక్రేన్ సమీక్ష, ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా పరీక్షల నాణ్యత బలహీనమని తేల్చింది.

అరిస్టోలోకియా ప్రజాతి తెలుగు నేలకూ పరాయిది కాదు. పాముకాటుకు విరుగుడుగా పల్లెవైద్యంలో వాడుకలో ఉన్న ఈశ్వరి, అంటే అరిస్టోలోకియా ఇండికా, ఆ కుటుంబానికే చెందినది. దాని వేరులోనూ అదే ఆమ్లం ఉంది. అరిస్టోలోకియా మొక్కలతో చేసిన మందులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే మానవులలో క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది. మన వస్తుగుణదీపికలలో, మూలికా నిఘంటువులలో ఈశ్వరికి ఎదురుగా ఇప్పటికీ కనబడేవి దాని గుణాలు మాత్రమే.