వెనుక బల్ల బాలలు

భాద్రపద మాసమున నల్గొండ ప్రాంతపు పల్లె నొకదానికి బొడ్డెమ్మ పాటలను శబ్దగ్రహణము చేయుటకై మేము వెళ్ళియుంటిమి. వాకిట నడుమ బొడ్డెమ్మను నిలిపి బాలికలు వలయముగా తిరుగుచు, చప్పట్లు చరచుచు పాడుచుండిరి. అంతలో ఆరేండ్ల బాలుడొకడు రెండు చెవులు గట్టిగా మూసికొని, కేకవేసి, గోడ చాటునకు పరుగెత్తెను. అచ్చటి పెద్దలలో ఒకరు వానిని మొండివాడనిరి. వేరొకరు గాలి సోకినదనిరి. ఇంకొకరు తల్లి పెంపకమును తప్పుపట్టిరి. ఆ బాలుని నాయనమ్మ మాత్రము నెమ్మదిగా లేచి వచ్చి, "వాడు మొండోడు కాదు సారూ, వానికి సప్పుడు పడది. జర దూరం కూసోబెడితే పాటంత వింటడు" అని చెప్పెను. వానిని దూరపు అరుగుపై కూర్చుండబెట్టి, చేతిలో నున్నని గచ్చకాయ నొకదాని నుంచెను. కొంతసేపటికి ఆ బాలుని పాదము పాటతోపాటు తాళము వేయుచుండుట మేము చూచితిమి.

ఆ అవ్వ బడికి పోయినది కాదు. కాని ఆమెకు తెలిసిన ఆ చిన్న సంగతిని గ్రహించుటకు పండిత లోకమునకు దాదాపు రెండు వందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రను శ్రోతలకు విన్నవించుట నేటి మా ఉద్దేశము.

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సు దేశపు అవేరాన్ సీమ అడవులనుండి పన్నెండేండ్ల ప్రాయపు బాలుడొకడు జనుల మధ్యకు వచ్చెను. వానికి మాట రాదు. పిలిచిన పలుకడు. పారిస్ నగరమునకు తీసికొనిరాగా, పినెల్ అను ప్రఖ్యాత వైద్యుడు పరీక్షించి, ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యమనియు, బాగుపడదనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు నంగీకరింపని యువవైద్యుడు ఇటార్. ఆయన ఆ బాలునికి విక్టర్ అని పేరిడి, ఐదేండ్లు పాటుపడెను. కోసిన అక్షరములు, వస్తువులు, రంగులు చేతికిచ్చి నేర్పెను. అయినను బాలుడు రెండు మూడు మాటలకు మించి పలుకలేదు. మాట రానందున ఇటార్ తన ప్రయత్నము విఫలమైనదని తలచెను.

కాని ఆయనయే వ్రాసిన నివేదికలో మరియొక సంగతి కలదు. విక్టర్‌కు వండి పెట్టి, వెంట తిప్పి, సాకిన యామె గేరాన్ అను గృహిణి. భోజనవేళ బల్లపై పళ్ళెములు పెట్టుట విక్టర్ నిత్యము చేయు పని. గేరాన్ భర్త జబ్బుపడి మరణించిన పిమ్మట, ఆ బాలుడు అలవాటు ప్రకారము చనిపోయిన వాని పళ్ళెమును కూడ పెట్టెను. అది చూచి ఆమె కన్నీరు పెట్టుకొనెను. బాలుడు ఆమె ముఖము చూచి, మారుమాటాడక పళ్ళెము తీసి దాచెను. ఆపై ఎన్నడును దానిని బల్లపై పెట్టలేదు. మాట రాని ఆ బాలునకు మరియొకరి దుఃఖము తెలిసినది. దానిని నేర్పినది పాఠము కాదు, నిత్యము ఒకే చోట, ఒకే తీరున దొరకిన ఆదరణ. ఇటార్ విడిచిన తరువాత కూడ గేరాన్ వానిని విడువలేదు. 1828లో విక్టర్ మరణించువరకు తన యింటనే ఉంచుకొనెను.

ఇటార్ శిష్యుడు సెగిన్ 1846లో ఇట్టి బాలల శిక్షణనుగూర్చి గ్రంథము ప్రకటించి, తరువాత అమెరికాకు తరలిపోయెను. ఆ గురుశిష్యుల రచనలను శ్రద్ధతో చదివిన యామె ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి. 1900 ప్రాంతమున రోము నగరమునందు మందబుద్ధులని ముద్రపడిన బాలలకు ఆమె చేతితో తడిమి నేర్చుకొను ఉపకరణములతో చదువు నేర్పెను. వారిలో కొందరు సాధారణ బడిపిల్లల పరీక్షలలో నెగ్గిరి. లోకము ఆమెను పొగడుచుండగా ఆమె మాత్రము వేరొక ప్రశ్న వేసికొనెను: వీరే నెగ్గగా, ఆరోగ్యవంతులైన బాలలను వెనుక నిలిపి ఉంచుచున్నది ఏమి? ఆ ప్రశ్నయే 1907లో ఆమె స్థాపించిన శిశుగృహమునకు మూలము. 1939లో ఆమె దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానముపై మదరాసు నగరపు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

ఇందలి విపరీతమును గమనింపుడు. నేడు పట్టణములలో మాంటిస్సోరి బడియనగా కలిగినవారి బిడ్డల బడి అని పేరు. ఏ బాలలకొరకు ఆ పద్ధతి మొదట పుట్టినదో, ఆ బాలలు మాత్రము మన పల్లెబడులలో వెనుక బల్లపై మిగిలిపోయిరి.

వారి తీరునకు వైద్యులు పేరుపెట్టుట కూడ ఆలస్యముగనే జరిగినది. 1925లో మాస్కోలో సుఖరేవా అను వైద్యురాలు ఇట్టి బాలలను వర్ణించెను. 1943లో అమెరికాలో లియో కానర్ పదునొకండుగురు బాలల వృత్తాంతమును ప్రకటించి ఆటిజమను పేరును ప్రచారమునకు తెచ్చెను. మరుసటి యేట వియన్నాలో ఆస్పెర్గర్ అట్టి విషయమునే వ్రాసెను. అయితే పేరుతోపాటు నింద కూడ వచ్చినది. తల్లి మనసు చల్లబడుటచేతనే బిడ్డ ముడుచుకొనిపోవునను వాదము పండితులలో వ్యాపించెను. 1967లో బెటెల్‌హైమ్ ఆ వాదమునే గ్రంథముగా వ్రాసెను. అంతకు మూడేండ్ల ముందే, 1964లో, స్వయముగా అట్టి బిడ్డకు తండ్రియైన రిమ్‌లాండ్ దానిని ఖండించియుండెను. 1977లో కవలపిల్లలపై జరిగిన పరిశోధన ఇందు వంశపారంపర్యమునకు ముఖ్యపాత్ర కలదని చూపినది. ఇరువది యేండ్లకు పైగా ఎందరు తల్లులు చేయని నేరమునకు ఏడ్చిరో లెక్కలేదు.

తల్లిని నిందించు అలవాటు పరదేశమునకే పరిమితము కాదు. నల్గొండవారికి ఇంతకంటె చేరువైన ఉదాహరణ కలదు. ఈ జిల్లా పల్లెలలో ఎముకలు వంగి, వెన్ను బిగిసిన బిడ్డలను చూచి పూర్వజన్మ పాపమని చెప్పుకొనిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. 1937లో మదరాసు రాజధాని వైద్యులు నెల్లూరు సీమలో ఇట్టి వ్యాధిని గుర్తించిరి. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌నుగూర్చి బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసెను. తప్పు తల్లిది కాదు, బావినీటిలోని ఫ్లోరైడుది. తరువాత నాగపురమునందలి పరిశోధనాలయమువారు పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని తేర్చు ఉపాయమును రూపొందించిరి. దానికి లోకమంతటను "నల్గొండ పద్ధతి" అనియే పేరు.

ఆటిజము నీటివలన వచ్చునని మా భావము కాదు. అది ఫ్లోరోసిస్‌వలె వడపోసి తొలగింపవలసిన రోగమును కాదు. పోలిక ఒక్కదానికే: బిడ్డను నిందించుట మాని బిడ్డ చుట్టునున్న దానిని పరీక్షించిన నాడే మేలు మొదలగును. 1990వ దశకము చివర పుట్టిన "న్యూరోడైవర్సిటీ" అను మాటకు కూడ ఇదియే సారము. ఆకులన్నియు ఒకే తీరున ఉండనట్లు మెదడులును ఒకే తీరున ఉండవు. ఒకనికి చప్పుడు సూదివలె గ్రుచ్చుకొనును, ఒకడు కుదురుగా కూర్చుండలేడు, ఒకనికి అక్షరములు తారుమారుగా తోచును.

మన చట్టములును మెల్లగా నడచినవి. 1912 నాటి ఉన్మాదుల చట్టము బుద్ధిమాంద్యము కలవానిని, పిచ్చివానిని ఒకే మాటలో చేర్చినది. 1968లో హైదరాబాదున ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికిందరాబాదున జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసినవి. ఈ రెండవ సంస్థ పేరు తరువాత మారినది. మారిన పేరులో సాధికారత అను మాట చేరినది. 1995 చట్టము ఏడు వైకల్యములను చెప్పినది గాని అందు ఆటిజము లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టమున అది చేరినది. 2016 చట్టమున వైకల్యములు ఇరువదియొకటి కాగా, చదువునందలి ప్రత్యేక ఇబ్బందులును అందు చోటుచేసికొన్నవి. 2013లో ఆరంభమైన బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడీలకును, బడులకును వెళ్ళి ఎదుగుదలలో ఆలస్యమును కనిపెట్టవలెనని ఏర్పాటైనది. మండలములలో భవిత కేంద్రములు వెలసినవి. కేంద్రమునకు రాలేని బిడ్డల యిండ్లకు ఉపాధ్యాయులే పోయి నేర్పు పద్ధతియు వచ్చినది.

అయినను చట్టము ఇంటి గడపవరకే రాగలదు. గడప లోపల చేయవలసినది గేరాన్ చేసిన పనియే. బిడ్డ మనసు కుదుటపడిన పిమ్మటనే చదువు ఎక్కును. భయముతోను, కోపముతోను నిండిన తలలో అక్షరమునకు చోటుండదు. కావున దినచర్య ఒకే క్రమమున నుండవలెను. సంతకు పోవుట, చుట్టములు వచ్చుట వంటి మార్పును ముందుగా చెప్పవలెను. ఒకసారి ఒకే పని, చిన్న మాటలలో చెప్పవలెను, బొమ్మ గీసి చూపిన మరియు మంచిది. "నీకు కోపము వచ్చినది, నీకు భయము వేసినది" అని బిడ్డ భావమునకు పేరుపెట్టి పలుకవలెను. పేరు తెలియని బాధ కేకయై వెలువడును. ఆ కేకకు దెబ్బ సమాధానము కాదు. పాలమూరునుండి పనులకై వలసపోవు కుటుంబములకు ఊరు మారక తప్పదు. వారు పడుకొను దుప్పటిని, ఒక జోలపాటను, ఒక ఆటవస్తువును మారకుండ వెంట తీసికొనిపోయిన, బిడ్డకు ఊరు పూర్తిగా పోయినట్లుండదు.

ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడని బిడ్డను, ఏడాదిన్నర దగ్గరపడినను ఒక్క మాటయు పలుకని బిడ్డను "పెద్దవాడైన వచ్చును" అని ఊరకుండక వైద్యునకు చూపవలెను. మొదట చెవులు వినుచున్నవో లేవో పరీక్షింపించవలెను. ఆటిజమును మాయము చేయు మందు లేదు. ఉన్నదని డబ్బు గుంజు వారిని నమ్మరాదు. త్వరగా మొదలైన శిక్షణ, ఓపిక, ఇంటివారి పూనిక మాత్రమే నిజమైన సహాయము.

మా రేడియోవారికి ఒక సంగతి అనుభవమున తెలిసినది. ప్రతిదినము అదే వేళకు, అదే సంగీతముతో, అదే కంఠముతో కార్యక్రమము ఆరంభమైన, బిడ్డలు దాని కొరకు ఎదురుచూతురు. మీ యింట అట్టి బిడ్డ యున్నయెడల ధ్వని తగ్గించి, వాడు ఎన్నుకొన్న దూరమున కూర్చుండనిండు.

ఆ పల్లెనుండి తెచ్చిన పాటలు మా వద్ద భద్రముగా నున్నవి. వినినపుడెల్ల బాలికల చప్పట్లు మాకు వినబడును. అరుగుపై నున్న ఆ చిన్న పాదపు తాళము మాత్రము యంత్రమునకు అందలేదు. దానిని కనిపెట్టినది ఆ నాయనమ్మ యొక్కతెయే.