సాధువేదో చెప్పగలిగిన పసివాళ్ళు

ఏది సాధువు, ఏది అసాధువు అని తేల్చడం వైయాకరణుల పని అని మన సంప్రదాయం. అదే ప్రశ్నను పలక పట్టని పసివాళ్ళనూ అడగవచ్చునని గత శతాబ్దంలో కొందరికి తోచింది. ఆ ఆలోచన ఆంగ్లంలో మొదలై కొరియన్ భాషలోకి వెళ్ళినప్పుడు ఎదురైన చిక్కు నన్ను చాలా ఆకర్షించింది.

1958లో జీన్ బెర్కో కల్పిత పదాలకు పిల్లల చేత బహువచన రూపాలు చెప్పించి, వాళ్ళు విన్నదాన్ని వల్లించడమే కాక సూత్రాలనూ గ్రహిస్తారని చూపారు. 1972లో లీలా గ్లైట్‌మన్, హెన్రీ గ్లైట్‌మన్, ఎలిజబెత్ షిప్లీ మరో అడుగు వేసి, రెండేళ్ళు దాటిన పిల్లలకు వాక్యాలు వినిపించి, ఏది బాగుందో, ఏది వెర్రిగా ఉందో చెప్పమన్నారు.

ఈ పద్ధతి తరువాత భాషాలోపమున్న పిల్లల దగ్గరకు చేరింది. వినికిడికీ తెలివికీ కొదవ లేకున్నా మాట మాత్రం వయసుకు తగినట్టు ఎదగని పిల్లలు వీరు. అమెరికాలో అయిదారేళ్ళ వారిలో ఇటువంటివారు సుమారు 7 శాతమని 1997లో టాంబ్లిన్ బృందం అంచనా కట్టింది. 1999లో రైస్, వెక్స్‌లర్, రెడ్‌మండ్ ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. ఈ పిల్లలు తమ మాటలో వదిలేసే కాలప్రత్యయం ఎదుటివారి వాక్యంలో లోపించినా సరేనన్నారు. తాము సాధారణంగా చేయని పొందిక దోషాన్ని మాత్రం పట్టుకున్నారు. నాలుక తడబాటు అనుకున్నదానికి మూలం లోపలి వ్యాకరణంలో ఉందన్నమాట.

కొరియన్‌లో ఈ పరీక్షను ఉన్నదున్నట్టు దింపుకోవడం కుదరదు. అక్కడ క్రియాధాతువు ప్రత్యయం లేకుండా వాక్యంలో నిలవదు. కనుక దోషాన్ని విభక్తుల్లో వెదకాలి. కర్తకు హల్లు మీద 'ఇ', అచ్చు మీద 'గ' వస్తాయి. కర్మకు 'ఉల్', 'రుల్'. ఏ లోపమూ లేని పసివాళ్ళు కూడా ఎలుగుబంటిని 'గోమి' అనడానికి బదులు రెండు ప్రత్యయాలూ తగిలించి 'గోమిగ' అంటుంటారు. పైగా, పెద్దలే సంభాషణలో ప్రత్యయాలను తరచు వదిలేస్తారు. అందువల్ల లోపించిన ప్రత్యయం రోగలక్షణమని చెప్పలేము.

మిగిలింది ప్రత్యయం తారుమారు కావడం. కర్త, కర్మల వరుస మారగల ఆ భాషలో ఎవరు ఎవరిని తరిమారో చెప్పేది తరచు ప్రత్యయమే. ఆ మార్పు చెవికి తగలని పిల్లవాడికి బడిలో విన్న కథే తలకిందులవుతుంది. పరీక్ష ఇక్కడ పెడితేనే ఫలితానికి అర్థముంటుంది. పసివాళ్ళు అడిగినదానికల్లా "సరిగానే ఉంది" అని తలూపుతారు కనుక, తప్పన్న వాక్యాన్ని దిద్ది చెప్పమనడం కూడా అవసరమవుతుంది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన ద్వితీయా విభక్తి గుర్తొచ్చింది. "పుస్తకం చదివాను" అంటే తప్పు పట్టేవారు లేరు. జడవాచకాలకు ఆ వెసులుబాటును మన వైయాకరణులే ఇచ్చారు. "రాముడు పిలిచాను" అంటే మాత్రం చెవి ఒప్పుకోదు. ఈ తేడా ఎరగని అనువాద పరీక్ష ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు లోపం అంటగట్టవచ్చు, సాయం కావలసిన బిడ్డను విడిచిపెట్టనూవచ్చు. తెలుగు బిడ్డను తూచే తక్కెడ తెలుగు వ్యాకరణంతోనే తయారు కావాలని నా అభిప్రాయం. మన భాషాశాస్త్రానికి ఇంతకన్న పుణ్యకార్యం ఏముంటుంది?