ఎరుకలసాని నుంచి జై భీమ్ దాకా: నా ఫేవరెట్ సినిమా, పాట, పుస్తకం వెనక ఉన్న చరిత్ర

పోయిన వారం హాస్టల్లో ఒక తమ్ముడు అడిగినాడు, "అన్నా, ఇప్పుడు నీ ఫేవరెట్ సినిమా ఏది, పాట ఏది, పుస్తకం ఏది?" అని. పాపం వాడు ఊరికే అడిగినాడు, నేను గంటసేపు పట్టుకున్నా. మధ్యలో మెస్సుకి పోయి తినేసి కూడా వచ్చినాడు. ఆరోజు చెప్పిందే ఇక్కడ రాస్తా ఉండా. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. నేను ఎరుకల పిల్లోణ్ణి కాబట్టి మా వైపు నుంచే చెప్తా. యానాది, సుగాలి మిత్రులు మీ వైపుది మీరు రాయాల.

సినిమాతో మొదలుపెడతా, అయితే నా ఫేవరెట్‌తో కాదు. 2025 జూన్ 27న 'కన్నప్ప' వచ్చింది కదా. మా రూమోళ్ళం ఆరుగురం శ్రీకాళహస్తికి పోయి చూసినాం. తిరుపతిలో ఆడతా ఉన్నా సరే, కన్నప్ప సినిమా కన్నప్ప ఊళ్ళోనే చూడాలని ఒకడు పట్టుబట్టినాడు. స్వర్ణముఖి ఒడ్డున జరిగిన కథని ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లో తీసినారు. మన కొండలకి ఏం తక్కువైందో నాకైతే అర్థం కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అసలు గొడవ మొదలైంది. తిన్నడు ఎవరోడు? మావాడే అని బోయ పిల్లోడు, కాదు చెంచు అని ఇంకొకడు, ఎరుకల అని నేను, మీరంతా తర్వాత, ముందు యానాదే అని మా తమ్ముడొకడు. తిరుపతి బస్టాండు వచ్చేదాకా తేలలేదు.

ఈ కథ సినిమావాళ్ళ చేతికి వచ్చేసరికే చాలా పాతది. 12వ శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో రాసిన పెరియ పురాణంలో తిన్నడు పొత్తపి నాడులో ఉడుప్పూరు వేటగాళ్ళ నాయకుడి కొడుకు. పొత్తపి అంటే ఇప్పటి రాజంపేట, నందలూరు వైపు. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తెలుగులో చెప్పినాడు. తర్వాత 1954లో 'కాళహస్తి మాహాత్మ్యం' సినిమా వచ్చింది, కన్నడ రాజ్‌కుమార్ నటించిన ఒకే ఒక్క తెలుగు సినిమా అది. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' కృష్ణంరాజుది. మా నాయనకి కన్నప్ప అంటే ఇప్పటికీ కృష్ణంరాజే.

కళ్ళు పెరికి ఇచ్చిన ఘట్టం అందరికీ తెలిసిందే. నాకు దానికన్నా ముందుది ఇష్టం. తిన్నడు మాంసం కాల్చి, ఏ ముక్క మెత్తగా ఉందో నోట్లో పెట్టుకుని చూసి, ఆ ముక్కనే దేవుడికి పెడతాడు. చెంబు లేదు కాబట్టి నీళ్ళు పుక్కిట పట్టుకుని వచ్చి అభిషేకం చేస్తాడు. పూలు తలలో దోపుకుని తెస్తాడు. పూజారి వచ్చి చూసి, అపచారం జరిగిందని ఏడ్చి, అంతా కడుగుతాడు. దేవుడు మాత్రం తిన్నడి పక్కనే నిలబడినాడు. ఇప్పటికీ శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదనే జరుగుతుంది, ఆ తర్వాతనే స్వామికి. అంతవరకు సంతోషమే. కానీ గమనించండి, వేటగాడికి గుడి దగ్గర చోటు దొరికింది రెండో కన్ను కూడా ఇవ్వడానికి సిద్ధపడినాకనే.

ఇంక పాట. మా తమ్ముడు ఇక్కడ 'ఆర్ఆర్ఆర్'లోని కొమురం భీముడో పాట చెప్తానని అనుకున్నాడు. ఆ పాట నాకూ ఇష్టమే, సుద్దాల అశోక్ తేజ రాసింది, కాలభైరవ పాడింది. వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఈ మధ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నేను వింటా ఉండేది కొరవంజి. యూట్యూబ్‌లో కొడితే డాన్స్ వీడియోలు, పాటలు చాలా వస్తాయి. భరతనాట్యం వాళ్ళది కదా నీకెందుకు అంటారేమో. ఆ పేరు ఎవరిది? కొరవ, కొరచ, ఎరుకల అని ఊరుకో పేరుతో పిలిచే మన జనానిది. కొరవ ఆడమనిషి కొరవంజి.

ఇది తెలియాలంటే ముందు నారాయణవనం పోవాల. పుత్తూరు దగ్గర, మన తిరుపతి జిల్లాలోనే. వేంకటాచల మాహాత్మ్యం కథలో పద్మావతి దిగులుతో మంచం పట్టినప్పుడు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి, బుట్ట పట్టుకుని ఆకాశరాజు కోటకి వస్తాడు. రాణి ధరణీదేవి పిలిపించి కూర్చోబెట్టి సోదె అడుగుతుంది. నీ బిడ్డ మనసు శేషాచలం మీద ఉన్నవాడి మీద పడింది, వాడికిచ్చి పెళ్ళి చెయ్యమని ఆమె చెప్తుంది. కొండ మీదికి రోజూ వేల మంది పోతా ఉంటారు, వాళ్ళలో ఎంతమందికి గుర్తుందో తెలియదు గానీ, ఆ పెళ్ళి కుదిర్చింది ఎరుకల వేషమే. రాజు ఇంట్లోకి అడ్డం లేకుండా పోగలిగే మనిషి, అబద్ధం చెప్పదని రాణి నమ్మే మనిషి ఎవరంటే ఆ కాలంలో ఎరుకలసాని అన్నమాట.

తమిళ, తెలుగు దేశాల్లో కొరవంజి అని ఒక నాటకం పద్ధతే పుట్టింది. కథ దాదాపు ఒకటే. నాయిక ప్రేమలో పడి దిగులుగా ఉంటుంది. కొరవంజి వస్తుంది, తన కొండలు, తన వాగులు, తాను తిరిగిన ఊళ్ళు చెప్తుంది, చెయ్యి చూసి జరగబోయేది చెప్తుంది, బహుమానాలు తీసుకుంటుంది. ఆ తర్వాత ఆమె మొగుడు సింగడు వలా పిట్టలూ వదిలేసి సింగిని వెతుక్కుంటా వస్తాడు, వాళ్ళిద్దరి సరసంతో జనం నవ్వుతారు. 18వ శతాబ్దంలో తిరికూడ రాసప్ప కవిరాయర్ రాసిన కుట్రాల కొరవంజి వీటిలో బాగా పేరున్నది. తంజావూరు మరాఠా రాజుల మీద కూడా కొరవంజులు ఉన్నాయి. తెలుగు యక్షగానాల్లో ఎరుకత లేకుండా ఆట కట్టడం అరుదు. ఈ రోజు భాషలో చెప్పాలంటే, సినిమాలో హీరోయిన్ ఎవరైనా విజిల్స్ పడేది మాత్రం సింగి వచ్చినప్పుడే.

ఇక్కడ ఒక తేదీ నన్ను వదలడం లేదు. 1944. మద్రాసు కళాక్షేత్రలో రుక్మిణీదేవి అరుండేల్ కుట్రాల కొరవంజిని నృత్యనాటకంగా పెట్టినారు, కళాక్షేత్ర మొదటి నృత్యనాటకం అదే. దాని గొప్పతనం గురించి చాలా రాసినారు. ఆ సంవత్సరం అదే మద్రాసు రాష్ట్రంలో కొరవల మీద, ఎరుకల మీద క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అమల్లో ఉంది. వేదిక మీద కొరవంజికి చప్పట్లు. బయట నిజం కొరవంజి మొగుడు వేలిముద్రలు ఇచ్చి, రాత్రిళ్ళు హాజరు వేయించుకుని, పక్క ఊరికి పోవాలన్నా చెప్పి పోవాల. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా ఈ రెండూ ఒకే జనం అని తట్టిందా అని నాకు అనుమానం.

ఆ చట్టం 1871లో ఉత్తరాన మొదలైంది. 1911లో కొత్తగా రాసి మద్రాసు దాకా తెచ్చినారు. పుట్టుకతోనే దొంగ అని కాగితం మీద రాయడం అన్నమాట. ఎందుకు రాసినారు? దీనికి జవాబు నా ఫేవరెట్ పుస్తకంలో ఉండాది. మీనా రాధాకృష్ణ రాసిన 'డిజానర్డ్ బై హిస్టరీ', 2001లో వచ్చింది, ఇంగ్లీషులో ఉంది. కష్టమైన ఇంగ్లీషే, నేను డిక్షనరీ పెట్టుకుని రెండు నెలలు చదివినా. ఆమె రాసింది ముఖ్యంగా మన కొరవ, ఎరుకల వాళ్ళ గురించే.

విషయం ఇదీ. మనవాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి తెచ్చి అమ్మేవాళ్ళు, తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయేవాళ్ళు. ఊళ్ళకి వీళ్ళు కావాల, వీళ్ళకి ఊళ్ళు కావాల. కంపెనీవాళ్ళు ఉప్పుని తమ గుత్త చేసుకున్నారు. 1860లు, 70లలో మద్రాసు నుంచి రేణిగుంట, కడప మీదుగా రైలు వచ్చేసింది, ఉప్పు వ్యాగన్లలో పోవడం మొదలైంది. 1876-78 కరువులో జనమూ పశువులూ చచ్చినారు. 1882 అడవి చట్టంతో వెదురు కొట్టాలన్నా, పశువుల్ని మేపాలన్నా అడ్డం పడింది. పని పోయినా తిరుగుడు మాత్రం మిగిలింది. పని లేకుండా తిరిగేవాణ్ణి సర్కారు ఏమంటుంది? దొంగ అంటుంది. 1892లో మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాష్ట్రంలోని నేర జాతులంటూ ఒక పుస్తకమే రాసినాడు, కొరవలు అందులో ఉన్నారు. 1909లో వచ్చిన థర్స్టన్ సంపుటాల్లో కూడా కొరవల గురించి పేజీలకి పేజీలు దొంగతనం పద్ధతులే.

మీలో ఎరుకల పిల్లలు ఉంటే ఎస్టీ జాబితాలో మన పేరు ఉన్న వరుస ఒకసారి తీసి చూడండి. ఎరుకుల, కొరచ, దబ్బ ఎరుకుల, కుంచపురి ఎరుకుల, ఉప్పు ఎరుకుల అని ఉంటుంది. ఉప్పు ఎరుకుల! నేను స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపేటప్పుడు ఎన్నోసార్లు చూసినా, ఆ ఉప్పు ఎక్కడిదో ఈ పుస్తకం చదివేదాకా ఆలోచించలేదు. దబ్బ అంటే చీల్చిన వెదురు బద్ద. అంటే ఆ వరుసంతా మన పనుల పట్టీ.

1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టినారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు అది, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. సంస్కరణ అన్నారు. పొలాలు ఇచ్చినారు, బడి పెట్టినారు, చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కూడా అక్కడినుంచే పోయేవాళ్ళు. గేటు దాటాలంటే మాత్రం చీటీ ఉండాల. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ ఆగస్టు 31నే విముక్త దినం అంటారు. 1970లలో హేమలత, లవణం దంపతులు అక్కడ పనిచేసినారు, హేమలత గారు జాషువా కూతురు.

చట్టం పోయినాక కూడా ఆ మాటని బతికించింది ఎవరో చెప్పండి. 1991 ఒక్క ఏడాదిలోనే 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు వచ్చినాయి. ఊరి పేరే పోస్టరు మీద దొంగ అన్న మాటకి పర్యాయపదం అయిపోయింది. 2023 అక్టోబరులో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దాని టీజర్ మీద మనవాళ్ళు అభ్యంతరం చెప్తే విషయం హైకోర్టు దాకా పోయి నిర్మాతకి నోటీసులు వచ్చినాయి. ఆ సినిమాలో నేరాల చట్టం గురించీ, పోలీసుల గురించీ కొంత చెప్పినారు, అది ఒప్పుకుంటా. రవితేజ నాకూ ఇష్టమే. కానీ సినిమా వదిలినాక హాస్టల్లో ఒకడు నన్ను చూసి "రేయ్, పర్సులు జాగ్రత్తరోయ్" అని నవ్వినాడు. వాడు చెడ్డోడేం కాదు, నాకు నోట్సు ఇచ్చేవాడే. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్ళో ఒకరి బోరు మోటారు పోయింది. పొద్దున్నే వచ్చి మా నాయనని తీసుకుపోయినారు. ఏ స్టేషనో రాయను. దీపాలు పెట్టే వేళకి పంపించినారు. కొట్టలేదని చెప్పినాడు. మోటారు తర్వాత వాళ్ళ బంధువుల ఇంట్లోనే దొరికింది. మా నాయన దగ్గరకి వచ్చి తప్పైందని ఎవరూ చెప్పలేదు, ఆయన కూడా అడగలేదు.

అందుకే నా ఫేవరెట్ సినిమా 'జై భీమ్', 2021 నవంబరుది, నాలుగేళ్ళ తర్వాత కూడా అదే. మొదటి సీను గుర్తుందా? జైలు బయట విడుదలైనవాళ్ళని ఏ కులమని అడిగి, కొందరిని ఇంటికి పంపి, కొందరిని పక్కన నిలబెడతారు, పాత కేసులు మీద వేయడానికి. ఆ సీను చూస్తూ మా నాయన లేచి బయటికి పోయినాడు. సినిమాలో రాజాకన్ను, సెంగేణి ఇరుళ జనం. 1993లో కడలూరు వైపు జరిగిన అసలు ఘటనలో బాధితులు కొరవలని పత్రికలు రాసినాయి. ఆ కేసు వాదించిన చంద్రు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయినాడు. ఇరుళ వాళ్ళ బాధ నిజం కాదని నేను అనను, అది కూడా రోజూ జరిగేదే. కానీ తెర మీద దొంగగా చూపించేటప్పుడు ఊరి పేరుతో సహా మనమే, న్యాయం గెలిచిన కథలో మాత్రం మన పేరు లేదు. సినిమా అంటే ప్రాణం ఇచ్చేవాణ్ణే, అయినా ఈ లెక్క నాకు మింగుడు పడదు.

మా అవ్వకి ఆ సినిమా ఫోన్‌లో చూపించినా. ముందు తెలుగుది పెట్టినా. కాసేపటికి "అరవంది పెట్టురా, మనోళ్ళు మాట్లాడినట్టు ఉంటాది" అనింది. మా ఇంటి భాష తమిళానికి దగ్గర కదా, మా నాయన తరం దాకా ఇంట్లో అదే. నాకు సగమే వస్తుంది.

మా అవ్వ వయసులో ఉన్నప్పుడు చిత్తూరు, పలమనేరు ఊళ్ళల్లో బుట్ట చంకన పెట్టుకుని ఎరుక చెప్పింది. మొదట కంచి కామాక్షిని, మదుర మీనాక్షిని తలుచుకుని, చేటలో బియ్యం పోయించుకుని మొదలుపెట్టేది. మా అమ్మ పెళ్ళయి వచ్చినాక ఆపేసింది. పోయిన నెల నేను ఫోన్ రికార్డింగు ఆన్ చేసి, "అవ్వా, ఒక్కసారి మొత్తం చెప్పు, వింటా" అన్నా. ఫోన్ వైపు చూసింది.

"ఎందుకురా అబ్బోడా, కేసేమైనా పెడతారా?"

కాదవ్వా, నాకోసమే అని చెప్పినా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బుట్ట లేకుండా నోట్లోంచి మాట రాదని చెప్పింది. పాత బుట్ట ఎప్పుడో పొయ్యిలోకి పోయింది, కొత్తది తెస్తే చూద్దాం అనింది. సంక్రాంతికి ఊరికి పోతా ఉండా. ప్లాస్టిక్‌ది కాకుండా వెదురు బుట్ట అల్లేవాళ్ళు చంద్రగిరి, పాకాల వైపు మీకు తెలిసి ఉంటే చెప్పండి.