కుంపటి నుంచి కరెంటుకు: సోల్డరింగ్ ఐరన్ పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామకు కాస్త ముందు పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి రేకు పనికి పేరుపడ్డ ఊరది. దేవుళ్ల తొడుగులు, రథాల రేకులు, నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు ఇక్కడి విశ్వకర్మల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. పెంబర్తి లోహకళకు జీఐ గుర్తింపు కూడా ఉంది. రేకు మీద బొమ్మ తేల్చడం ఒక ఎత్తయితే, రేకు ముక్కలను అతుకు కనపడకుండా కలపడం మరో ఎత్తు. ఇవాళ జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఒక ఇంటర్ విద్యార్థి ఆర్డునో బోర్డుకు తీగ అతికించినా అదే సూత్రం. రెండు లోహాలను కరగనివ్వకుండా, తేలిగ్గా కరిగే మూడో లోహాన్ని వాటి సందులోకి పారించాలి. ఎలక్ట్రానిక్స్‌లో ఈ పనికి వాడే సోల్డరింగ్ ఐరన్ చరిత్ర తెలుసుకుంటే, దుకాణంలో దేన్ని ఎంచుకోవాలో సగం తెలిసినట్టే. వేడిని అదుపులో పెట్టుకోవడానికి మనిషి పడ్డ పాట్లే ఆ చరిత్ర.

రాగి మొన, బొగ్గుల కుంపటి

టంకం పని చాలా పాతది. మెసొపొటేమియాలోని ఊర్ రాచసమాధుల్లో దొరికిన నాలుగున్నర వేల ఏళ్లనాటి బంగారు నగల్లో అతుకులున్నాయి. రోమన్లు సీసపు గొట్టాలను రెండు పాళ్ల సీసం, ఒక పాలు తగరం కలిపిన మిశ్రమంతో అతికేవారని ఒకటో శతాబ్దపు రచయిత ప్లినీ రాశాడు. ఆ జోడీలో ఒక చిత్రముంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిపితే మాత్రం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. రెండింటికంటే తక్కువ వేడికి లొంగే ఈ గుణమే తర్వాత రేడియోను, టీవీని సాధ్యం చేసింది.

మన ఊళ్లలో ఈ విద్య మాట్లు వేసేవాళ్ల దగ్గర ఉండేది. బిందెకు చిల్లి పడితే వీధిలోకి వచ్చిన మనిషిని ఆపి, అరుగు ముందు కుంపటి పెట్టించేవారు. అతని దగ్గర ఇనుప కాడకు బిగించిన రాగి దిమ్మ ఉండేది. దాన్ని బొగ్గుల్లో కాల్చి, నవాసాగరం గడ్డ మీద రుద్దితే తెల్లటి పొగ లేచి మొన మీది మసి ఊడిపోయేది. మెరిసే ఆ మొనకు తగరం అంటించి చిల్లి మీద నెమ్మదిగా లాగితే, కరిగిన లోహం పగులులోకి తనంతట తానే పాకేది. మొనకు రాగినే ఎందుకు వాడారంటే, అది వేడిని బాగా నింపుకుంటుంది, వేగంగా అందిస్తుంది, తగరం దాన్ని ఇట్టే పట్టుకుంటుంది.

చిక్కల్లా వేడిదే. కుంపటిలోంచి తీసిన క్షణం నుంచీ దిమ్మ చల్లారిపోతూనే ఉంటుంది. అతుకు పూర్తికాకముందే మళ్లీ నిప్పుల్లో పెట్టాలి. ఎక్కువ కాలితే మొన నల్లబడి తగరం అంటదు. ఎంత కాలిందో చెప్పే కొలమానం లేదు, కంటి అంచనా ఒక్కటే ఆధారం.

రేడియో తెచ్చిన మార్పు

ఆ దిమ్మ లోపలికే కరెంటు తీగ చుట్ట పంపి, కుంపటి అవసరం లేకుండా చేసే పని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో 1894లో మొదలైన అమెరికన్ ఎలక్ట్రికల్ హీటర్ కంపెనీ ‘అమెరికన్ బ్యూటీ’ పేరుతో విద్యుత్ ఐరన్లు అమ్మింది. 1921లో బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ సాక్స్ స్థాపించిన ఎర్సా కంపెనీ వాటిని కర్మాగారాల్లో పెద్ద ఎత్తున తయారుచేసింది. అప్పుడే ఇళ్లలోకి రేడియో వస్తోంది. ఒక్కో సెట్టులో వందల అతుకులు. పెన్సిల్వేనియాలో రేడియోలు బాగుచేసే కార్ల్ వెల్లర్, ఐరన్ కాలేదాకా వేచి ఉండలేక, మీట నొక్కగానే క్షణాల్లో వేడెక్కే సోల్డరింగ్ గన్ తయారుచేసుకున్నాడు. దానికి 1946లో పేటెంట్ వచ్చింది.

తెలుగునాట ఈ పనిని పరిశ్రమ స్థాయికి తెచ్చింది ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో అది మొదలైంది. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగానికి సెట్లు ఈసీఐఎల్‌లోనే తయారయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఆ తర్వాత రేడియోలు, టేప్ రికార్డర్లు, టీవీలు పెరిగేకొద్దీ చిన్న పట్టణాల్లోనూ మెకానిక్ దుకాణాలు వెలిశాయి. అక్కడ బల్ల మీద పొగలు కక్కుతూ ఉండేది 25 వాట్ల సాదా ఐరనే. సోల్డ్రాన్ వంటి దేశీయ బ్రాండ్లు ఈ తరహాలోవే.

కుంపటి పోయినా బొగ్గు పోలేదు. భూపాలపల్లి గనుల్లో సింగరేణి బొగ్గు తవ్వుతుంటే, దగ్గర్లోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గుతోనే కరెంటు తీస్తోంది. అయితే పొలాల్లో మోటార్లు నడిచే వేళ పల్లెల్లో వోల్టేజీ పడిపోవడం మనకు తెలిసిందే. సాదా ఐరన్‌కు ఇక్కడే దెబ్బ తగులుతుంది. 230 వోల్టుల దగ్గర 25 వాట్లిచ్చే ఐరన్, వోల్టేజీ 180కి పడితే 15 వాట్లే ఇస్తుంది. 250కి పెరిగితే 29 దాటుతుంది. మొదటి సందర్భంలో అతుకు పట్టదు, రెండో సందర్భంలో బోర్డు మీది రాగిపొర లేచిపోవచ్చు.

అదుపులోకి వచ్చిన వేడి

దీనికి వెల్లర్ కంపెనీయే ఒక చక్కటి ఉపాయం చేసింది. ఒక్కో లోహమిశ్రమం ఒక్కో నిర్ణీత వేడి దగ్గర అయస్కాంతానికి అంటుకునే గుణం కోల్పోతుంది. అలాంటి ముక్కను బిట్ (మార్చుకోగల మొన) వెనక బిగించారు. కావలసిన వేడి రాగానే లోపలి అయస్కాంతం వదిలేసి కరెంటు ఆగుతుంది, చల్లారగానే మళ్లీ అంటుకుంటుంది. ఇప్పుడా పని బిట్ దగ్గరి సెన్సర్, చిన్న చిప్ చేస్తున్నాయి. 2020లో వచ్చిన పైన్‌సిల్ వంటివి పెన్నంత ఉండి యూఎస్‌బీ-సి చార్జర్‌తో నడుస్తాయి.

బిట్ కూడా మారింది. వేడి తగరంలో రాగి కొద్దికొద్దిగా కరిగిపోయి పాత మొనలు గుంటలు పడేవి, ఆకురాయితో అరగదీయాల్సి వచ్చేది. ఇప్పుడు రాగి మీద ఇనుప పూత ఉంటుంది. దీన్ని ఆకురాయితో రుద్దితే ఆ పూతే పోతుంది. 2006 జులై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం వాడకాన్ని కట్టడి చేయడంతో, 217 డిగ్రీల పైన కరిగే సీసం లేని టంకం వాడకం పెరిగింది. దాంతో వేడి మీద అదుపు మరింత అవసరమైంది.

కొనేవారికి

కాబట్టి వాట్లొక్కటే చూసి మోసపోవద్దు. బిట్ ఎంత కాలుతుందనేది వేరు, అతుకు లాగేసుకున్న వేడిని ఎంత త్వరగా పూడ్చుతుందనేది వేరు. వాట్లు చెప్పేది రెండోదాన్నే. వేడిని తనంతట తాను నిలుపుకునే 60 వాట్ల ఐరన్ హాబీ పనికి సరిపోతుంది. సీసం ఉన్న టంకానికి 320 నుంచి 350 డిగ్రీలు చాలు. సూదిమొన ముచ్చటగా కనిపిస్తుంది గానీ వేడిని సరిగా అందించదు. రెండు మిల్లీమీటర్ల ఉలిమొన మేలు. ఆ బిట్లు విడిగా దొరికే మోడలే కొనండి. 230 వోల్టులతో నేరుగా నడిచేదైతే మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఇంట్లో ఎర్తింగూ సరిగా ఉండాలి.

లోపల రోజిన్ (మసి తొలగించే జిగురు) ఉన్న టంకపు తీగే తీసుకోండి. బిందెకు మేలుచేసిన నవాసాగరం బోర్డు మీది రాగిని తినేస్తుంది. మొనను తీగకూ బోర్డుకూ ఒకేసారి ఆనించి, టంకాన్ని మొనకు కాక అతుకుకు తాకించండి. రెండు మూడు సెకన్లలో అది పారి నున్నగా మెరవాలి. ఉండకట్టి మసకగా ఉంటే పట్టు లేనట్టే. ఆపే ముందు మొనకు కాస్త టంకం పూసి ఉంచండి. రోజిన్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక కిటికీ తెరవండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసం ఒంట్లోకి ఎక్కువగా చేరేది చేతుల నుంచి నోటి ద్వారానే.

బడ్జెట్ కొద్ది వందలే అయితే 25 వాట్ల సాదా ఐరన్‌తోనే మొదలుపెట్టండి, పాత రేడియో బోర్డు మీద చెయ్యి తిప్పుకోండి. మీ ఊరి బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే, పిల్లల చేతికి ఐరన్ ఇచ్చి పక్కన నిలబడమని ఉపాధ్యాయులను అడగండి. ఈ విద్య చేత్తో చేస్తేనే వస్తుంది.